మా ఆవిడకు షోకాజ్ నోటీసు

జీవితమంతా సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా మెమోలు రాసి రిటైరైన మనిషిని ఊరికే కూర్చోబెట్టకూడదు. కూర్చోబెడితే ఏమవుతుందో చిల్లకూరు దగ్గర మా లేఅవుట్లో ఎవర్నడిగినా చెబుతారు. నా పేరు తెలియనివాళ్ళు కూడా "రూల్స్ సారు" అంటే ఇల్లు చూపిస్తారు. చూపించాక నవ్వుతారు. ఆ నవ్వు ఇంతకుముందు లేదు, ఈ వేసవిలోనే మొదలైంది.

మా లేఅవుట్ పుట్టుక గురించి ఒక ముక్క చెప్పాలి. కృష్ణపట్నం పోర్టు వచ్చాక, దాని పక్కనే పెద్ద పారిశ్రామిక నగరం కడతారన్న మాట బయటికొచ్చాక, హైవే వెంబడి చేలూ తోటలూ అంకణాల లెక్కలోకి మారిపోయాయి. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచే ఆ నగరానికి, అంటే మా క్రిస్ సిటీకి, శంకుస్థాపన చేశారు గానీ, ఆ రాయి పడే చాలాముందే ఇక్కడ హద్దురాళ్ళు పడ్డాయి. కొన్నవాళ్ళలో గూడూరు నిమ్మకాయల మార్కెట్టువాళ్ళు, రొయ్యలగుంటల వాళ్ళు, సిలికా ఇసుక లారీలవాళ్ళు, నాలాంటి పింఛనుదార్లు. ఇన్ని రకాల మనుషులు ఒకచోట చేరాక సంఘం లేకపోతే ఎట్టా? ఏడుగురుంటే చాలు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు. ఆరుగురు దొరికారు. ఏడో సంతకం వంటింట్లో దొరికింది. మా ఆవిడ పిండి చేతుల్ని కొంగుకి తుడుచుకుని, ఏం కాగితమని కూడా అడక్కుండా సంతకం పెట్టేసింది. నేను కార్యదర్శినయ్యాను. ఆమె వ్యవస్థాపక సభ్యురాలైంది. ఈ రెండో సంగతి నాకు చాలాకాలం గుర్తులేదు. ఆమెకు గుర్తుంది.

మొదట్లో మా సంఘం ఏ హానీ చేయలేదు. వీధిదీపాలు, మోటారు రిపేరు, వినాయకచవితి చందా, అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో మా మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలో పడితే, అచ్చేయించిన లెటర్‌హెడ్లన్నీ చాకలి పద్దులకు వాడుకున్నాం. అంతకు మించి చరిత్ర లేదు. చరిత్ర మొదలైంది నేను అమెరికా వెళ్ళొచ్చాకే.

మా అమ్మాయి టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటుంది. వీధికి నాలుగిళ్ళు తెలుగువాళ్ళవే. హనుమంతుడి గుడికి వెళితే గూడూరు బస్టాండులో నిలబడ్డట్టే ఉంటుంది, చెప్పుల వరసతో సహా. అక్కడ ఇల్లు కొంటే హోమ్ ఓనర్స్ అసోసియేషన్ అనే సంఘం కూడా ఇంటితోపాటే వస్తుంది. చేరనంటే కుదరదు, ఇంటి దస్తావేజులోనే ఉంటుంది. ఒకరోజు మా అల్లుడికి ఆ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. చెత్తడబ్బా చెత్తబండి వెళ్ళాక కూడా రోడ్డుకి కనిపించేలా ఉందట. ఫొటో కూడా జతచేశారు. అల్లుడు తిట్టుకున్నాడు. నేను ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశాను. విషయము, సూచిక, నిబంధన సంఖ్య, గడువు! నేను మానేసిన విద్య ఖండాంతరంలో ఇంత నిక్షేపంగా బతికుందా అని కళ్ళు చెమర్చాయి.

ఇక అక్కడున్నన్నాళ్ళూ ఆ నిబంధనల పుస్తకమే నాకు పారాయణం. గడ్డి ఎంత ఎత్తుండాలి, కంచెకు ఏ రంగు, గ్యారేజీ తలుపు ఎంతసేపు తెరిచుండొచ్చు, అన్నీ ఉన్నాయి. చందా ఎగ్గొడితే ఇల్లు వేలానికి పోయినా పోవచ్చు. ఒక్క జరిమానాలే బాకీ ఉంటే మాత్రం వేలం కుదరదని టెక్సాస్ చట్టం అడ్డం పడింది. ఆ అడ్డం నాకు నచ్చలేదు. గుమ్మానికి తోరణం కట్టడం మీద కూడా అక్కడ చట్టముంది. దేవుడికి సంబంధించినవి గుమ్మానికి పెట్టుకోవడాన్ని సంఘం ఆపరాదని 2011లో శాసనం చేశారు, కానీ అంతా కలిపి 25 చదరపు అంగుళాలు మించితే ఆపొచ్చన్నారు. అంటే అయిదంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు. మామిడాకు ఒక్కటి సరిగ్గా పట్టదు. 2021లో ఆ కొలత తీసేశారట. మా అమ్మాయి నిలువెత్తు బంతిపూల తోరణం కట్టి, "చట్టప్రకారమే నాన్నా" అంది. అల్లుడు ఇంకో ముక్క చెప్పాడు. పాతకాలంలో అక్కడి దస్తావేజుల్లో తెల్లవాళ్ళు కానివారికి ఇల్లు అమ్మకూడదని కూడా రాసుకునేవారట. 1948లో వాళ్ళ సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని తేల్చింది. ఆ మాట చెబుతూ అతను నావంక అదోలా చూశాడు. నేను అప్పటికే పుస్తకం జిరాక్సు తీయించేశాను. పోయేటప్పుడు ఆవకాయ జాడీలు పెట్టిన చోటే వచ్చేటప్పుడు ఆ జిరాక్సు పెట్టుకొచ్చాను.

వచ్చిన వారంలోనే నిబంధనావళి తయారైంది. గేటు దగ్గర తాళమేసిన అద్దాల నోటీసు బోర్డు పెట్టించాను. మా మండలం నుంచి లారీలకెత్తిన సిలికా ఇసుక ఏ ఊళ్ళో గాజయిందో, తిరిగొచ్చి నా మెమోలకు అద్దమైందని మురిసిపోయాను. ఒకటో నిబంధన: రోడ్ల మీద ధాన్యం ఆరబోయరాదు. రెండు: పార్కు స్థలంలో బర్రెలను కట్టేయరాదు. మూడు: కుక్కలను పెంచరాదు. భాషలో ఎక్కడా రాజీపడలేదు. 'రాదు' అన్న ముగింపులో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదని నా అనుభవం.

పంచాయతీ కార్యదర్శి కుర్రాడు. బోర్డు చదివి, చాలా మర్యాదగా, "సార్, లేఅవుట్ అప్రూవల్ అప్పుడే రోడ్లు, పది శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ కింద పంచాయతీకి రాసిచ్చేశారు. అవి మీవి కావు" అన్నాడు. అంటే ఒకటో నిబంధనా, రెండో నిబంధనా వేరే ప్రభుత్వం పరిధిలోకి పోయాయి. ఆ సాయంత్రం పార్కులో బర్రె నావంక చూసిన చూపులో కొత్త ధీమా కనిపించింది. మూడోదాని సంగతి లాయరు కొడుకున్న ఒకాయన చూశాడు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, జనరల్ బాడీ అంతా చేతులెత్తినా సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవు. ఇక నాకు మిగిలింది మనుషుల మిద్దెలు మాత్రమే.

పక్కింటాయన రొయ్యలగుంటల మనిషి. పాత వలలు తెచ్చి మిద్దె మీద ఆరేసేవాడు. ఆ కంపు భరించలేక పదకొండో నిబంధన రాశాను: "మిద్దెలపై వలలు గానీ, వాసన వెదజల్లు ఇతర పదార్థములు గానీ ఎండబెట్టరాదు." ఆయన మారు మాట్లాడకుండా వలలు తీసేశాడు. ఆ నిశ్శబ్దాన్ని నేను నా పరిపాలనా దక్షత అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. నెల్లూరు సీమలో పుట్టి, చేపల పులుసు మరునాటికి దాచుకుని తిని పెరిగిన మనిషి, సముద్రం గాలి తగిలే మండలంలో వాసన మీద నిబంధన రాశాడు. ఇంతకన్నా దాని గురించి నేను చెప్పుకోను.

మార్చి ఆఖరులో తీరం పాళెం నుంచి చేపలామె గంపతో వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని సర్కారు ఆపుతుంది. ఆ రెండు నెలలూ పచ్చిచేప దొరికినా ధర కొండెక్కుతుంది. అందుకని మా ఆవిడ ముందుచూపుతో గంపలో నెత్తళ్ళన్నీ కొనేసింది. కడిగి, ఉప్పు పట్టించి, మిద్దె మీద పాత చీర పరిచి, ఒక్కో చేపా మరోదానికి తగలకుండా పేర్చింది. తలలన్నీ ఒకే వైపు. మధ్యలో వేపరెమ్మలు, ఈగలకు. చీర అంచు నాలుగు పక్కలా ఇటుకలు. నా నిబంధనావళిలో కూడా అంత వరస లేదు. మధ్యాహ్నానికి ఆ వాసన మెట్లు దిగి, హాలు దాటి, గేటు దాటి, నోటీసు బోర్డు దాకా నడిచింది.

పక్కింటాయన ఫిర్యాదు ఇచ్చాడు. రాతపూర్వకంగా. ఫొటో జతచేసి. నిబంధన సంఖ్య వేసి. ఆయన చేతిరాత అంత ముచ్చటగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పుడే డబ్బులకొచ్చిన చేపలామెను అడిగాను, మీ ఊళ్ళో కట్టుబాట్లు ఎట్టా నడుస్తాయి అని. "పెద్దకాపులు కూసోని దురాయి ఏస్తారు సారూ" అంది. ఫలానా రోజు వేటకు పోకూడదని దురాయి వేసి చాటింపు కొడితే ఒక్క పడవ కదలదట. తప్పితే జరిమానా. కట్టకపోతే వెలి. ఈ వెలి మంచిది కాదని, ఏ చట్టంలోనూ లేదని అధికారులు చెబుతుంటారు, అది సబబే. కానీ బోర్డు లేదు, అద్దం లేదు, నిబంధన సంఖ్య లేదు, అయినా జనం వింటారంటే నాకు కడుపు మండింది. "అంతగా ఎట్టా వింటారు?" అన్నాను. "దురాయి ఏసిన కాపింటి పడవ గూడా ఆడనే ఉంటాది గదా సారూ" అని, తలెత్తి మా మిద్దె వైపు చూసింది. నేను చిల్లర లెక్కపెట్టడంలో మునిగిపోయాను.

నోటీసు ఇవ్వక తప్పలేదు. ఇవ్వకపోతే పక్కింటాయన నెగ్గినట్టు, ఇస్తే మా ఆవిడ నెగ్గినట్టు. "శ్రీమతి గారికి" అని మొదలుపెట్టి, "మీపై చర్య ఏల తీసుకొనరాదో" దాకా రాసి, అన్నం తినేటప్పుడు కంచం పక్కన పెట్టాను. ఆమె చదివింది. మజ్జిగ పోసింది. తర్వాత ఫ్రిస్కోకి ఫోన్ చేసింది.

తల్లీకూతుళ్ళ సంభాషణ స్పీకర్లోనే జరిగింది, నేను వినాలనే. టెక్సాస్ చట్టం ప్రకారం జరిమానా వేసేముందు పంపినట్టు రుజువుండే తపాలాలో నోటీసు పంపాలట. సరిదిద్దుకునేందుకు గడువివ్వాలట. 30 రోజుల్లోగా విచారణ కోరే హక్కు ఉందట. "అమ్మా, కంచం పక్కన పెట్టిన నోటీసు చెల్లదు" అని తీర్పు చెప్పింది, నేను ఫీజులు కట్టి చదివించిన పిల్ల. ఇది టెక్సాస్ కాదే అన్నాను. "పుస్తకం ఆడిదే గదా" అంది మా ఆవిడ.

పోస్టాఫీసుకు పోయాను. రిజిస్టర్డ్ పోస్టు 2025లోనే స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని కౌంటర్లో చెప్పారు. పంపేవారు, అందుకునేవారు, రెండు చోట్లా ఒకే చిరునామా చూసి ఆ అమ్మాయి, "సార్, ఇంట్లోనే ఇచ్చుకోవచ్చు గదా?" అంది. ఇచ్చాను, చెల్లలేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు తపాలా అతను గేటు దగ్గర బెల్లు కొడితే తలుపు తీసింది నేను. "మీకు కాదు సార్, మేడం సంతకం కావాలి" అన్నాడు. మేడం వచ్చింది. పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఈసారి ఏం కాగితమో చూసి మరీ పెట్టింది సంతకం.

విచారణ ఆదివారం ఉదయం సంఘటనా స్థలంలోనే, అంటే మా మిద్దె మీదే. ఫిర్యాదిదారు కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చాడు. వ్యవస్థాపక సభ్యురాలి హోదాలో ప్రతివాదే అధ్యక్షత వహిస్తానంది. ఎవరూ కాదనలేదు. ఫిర్యాదిదారుకు చద్దన్నంలోకి వేయించిన నెత్తళ్ళు రెండు నమూనా కింద ఇచ్చారు. వాసన సంగతి పైకి చెప్పేంత తీవ్రంగా లేదని, ఇంకాస్త పరిశీలించాలని ఆయన అన్నాడు. నమూనా మళ్ళీ ఇచ్చారు. వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. అప్పటిదాకా సాక్ష్యం కాకులెత్తుకుపోకుండా కాపలా కాయాల్సిన బాధ్యత కార్యదర్శిదేనని అధ్యక్షురాలు తీర్మానించి, నా చేతికి కర్ర ఇచ్చి కిందికి దిగింది. ఫిర్యాదిదారు ఆ తీర్మానాన్ని బలపరిచాడు. ఆ మర్నాటి నుంచి ఆయన వలలు కూడా పక్క మిద్దె మీద ఆరుతున్నాయి.