క్లచ్చుదహన విచారణము

రాజావారి కోటను దాటి చల్లపల్లి పొలములలోనికి చీలిపోవు డొంకదారులలో, తొలకరి పడిన పిదప ఎద్దుబండియే ఇరుసులోతున దిగబడి నిలిచిపోవుచుండగా, పట్టణవీధులకై పుట్టిన మూడుచక్రముల ఆటోను నారుకట్టలతోను ఎరువుబస్తాలతోను నింపి నడిపింపబూనుట సాహసమని నేననుకొందును; మా ఇంటివారు దానికి వేరొక మాట వాడుదురు. ఆ పాతబండి యొక శ్రావణమాసపు సాయంకాలమున, దమ్ము చేసిన చేని ప్రక్కన ఘోరముగా గర్జించి, అంగుళమైనను కదలక, మాడిన వాసన యొకటి విడిచి, తుదకు గర్జించుట కూడ మానివేసెను.

నడుపువాడు మా మేనల్లుడు. బండి బురదలో మొరాయించినపుడు వాడు క్లచ్చును పూర్తిగా పట్టడు, పూర్తిగా విడువడు. సంబంధము నచ్చినదనియు నచ్చలేదనియు చెప్పక ఆడపెండ్లివారిని మాఘమాసమువరకు గుమ్మములో నిలువబెట్టు పెద్దమనుష్యులవలె, ఇంజనును తిరుగనిచ్చుచు చక్రమును తిరుగనీయక, నడుమనున్న కార్కుప్లేట్లను రాపిడిచేతనే దహించినాడు.

మేస్త్రి వచ్చి, ఇంజనును మా చావడి ముందర గోనెపట్టాపై దించి, మూత విప్పి, ముక్కు మూసుకొనెను. “క్లచ్చు ఇయ్యాల పోయిందేంటి మాస్టారూ! అది పోయి ఏడాదైంది. ఇన్నాళ్ళూ మీరు దాని తద్దినాలు పెడతన్నారు.” పట్టేసిన పిస్టను సిలిండరు గోడలపై గీచిన గీతలను గోటితో తడవి చూచి, హాఫ్ ఇంజను చేయవలసినదేనని తీర్పు కూడ చెప్పెను.

ఇక దోషి యెవ్వడు? మేనల్లుడు బురదను చూపెను. బురద కాలువను చూపెను. కాలువ 1855లో బెజవాడయొద్ద పూర్తియైన ఆనకట్టను చూపెను. ఆనకట్ట లేనిచో నీరు లేదు, నీరు లేనిచో దమ్ము లేదు, దమ్ము లేనిచో నా క్లచ్చు చల్లగా నుండెడిది. కంచములో అన్నము మాత్రముండెడిది కాదు. కావున కేసును సముద్రములు దాటించి చూచితిని. హెలికాప్టరు నిర్మించిన ఇటలీ ఇంజనీరు కొరాడీనో దస్కానియో 1946లో వెస్పా స్కూటరును రూపొందించెను; 1948లో దానికి మూడవ చక్రమమరి ఏపె యను సరకుబండి వెలసెను. మన బజాజు ఆటోల వంశవృక్షమునకు వేరు అచ్చటనే యున్నది. 145 సీసీల రెండు స్ట్రోకుల ఇంజనుపై పది బస్తాలెత్తి నల్లరేగడిలో దున్నింతురని ఆ మహానుభావుడు కలనైన నెరుగడు గనుక, నిర్దోషి.

సిలిండరు విజయవాడ ఆటోనగరమునకు పోయెను. లేతుషాపులో బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టనును, రింగులను, కొత్త ప్లేట్లను తెచ్చుకొంటిమి. ఈలోగా ఇచ్చట సైలెన్సరుకు అగ్నిసంస్కారము జరిగెను: పెట్రోలులో కలిపిన ఆయిలు కాలికాలి పేరుకొన్న మసి గొట్టము గొంతు నులిమినచో ఇంజను ఊపిరి విడువజాలదు గనుక, దానిని మంటలో కాల్చి, కొట్టి దులిపిరి. కార్కుప్లేట్లను రాత్రియెల్ల ఆయిలులో నానవేసిరి. పొడిగా బిగించినచో తొలినాడే మాడును.

క్లచ్చుస్ప్రింగులను అదిమి బిగించుట మాత్రము చూచి తీరవలసిన ఘట్టము. మేస్త్రి అదిమెను, శిష్యుడు పట్టెను, ఒక స్ప్రింగు పట్టు తప్పి యెగిరి గేదె కుడితితొట్టిలో మునిగెను. దానిని వెదకుటకు గడప దాటని మా పెదనాన్నగారు కూడ వచ్చి మోచేతివరకు చేయి ముంచిరి. వీధివీధియంతయు సలహాలతో చుట్టుముట్టెను. మా గ్రంథాలయ వార్షికోత్సవమున నేనుపన్యసించినపుడు ఇందులో నాలుగవ వంతు జనమైనను లేరు.

చేతిమీట లాగగానే ఇంజను మేల్కొని, చావడిని పొగలో ముంచెను. పొగలోనుండి మేస్త్రి గొంతు వినబడెను: “రింగులు సెట్టయ్యేదాకా ఆయిలు కాస్త ఎక్కువ కలపండి. బరువెయ్యొద్దు. బురదలో దింపొద్దు.”

“మరి పొలం ఎట్టా పోవాలి మామయ్యా?” అని మేనల్లుడు నన్నడిగెను.

“మాస్టారు నడిచెళ్తార్లే బాబూ,” అనెను మేస్త్రి. “ఆయన ఎక్కకపోతే సగం లోడు తగ్గినట్టే.”