సౌండు బాబు

పెద్దేరు వంతెన అవతల ఉండగానే వాడొస్తున్నాడని వడ్డాదికి తెలిసిపోతుంది. వాళ్లమ్మ చారు పొయ్యి మీదికి ఎక్కిస్తుంది. పక్కింటి గేదె చేపడం ఆపేస్తుంది. జంక్షన్లో టీ తాగుతున్న పెద్దాయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, "వచ్చెస్తన్నాడ్రా మీ వోడు" అంటాడు నాకేసి చూసి. వాడు నాకు మేనత్త కొడుకు కావడం నా తప్పయినట్టు.

తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి రేషన్ కార్డులో భద్రంగా ఉంది. ఊళ్లో మాత్రం సౌండు బాబు. ఇలాంటివాడు వడ్డాదికొక్కడే అని గర్వపడడానికీ లేదు. చోడవరంలో ఒకడున్నాడు, మాడుగులలో ఇద్దరు, నర్సీపట్నం వెళ్తే లెక్కపెట్టడం మానేసి చెవులు మూసుకోవడం మంచిది. మత్స్యవంశపు రాజులు ఏలిన ఒడ్డాది ఇది. వాళ్ల దండు కదిలినప్పుడు నగారా మోగే ఉంటుంది. ఇప్పుడు దండు లేదు, నగారా ఒక్కటే మిగిలింది.

యమహా ఆర్15 కొన్నాడు. షోరూములో తాళాలు చేతికిచ్చి, బండికి దండ వేసి, ఫొటో తీస్తుండగా వాడన్న మొదటి మాట, "ముందీ సైలెన్సర్ మార్చాల." కొత్త చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పీకి పారేసేవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు.

ఎంపికకి మూడు నెలలు పట్టింది. వాళ్లక్క పెళ్లి పదకొండు రోజుల్లో కుదిరింది.

రోజూ రాత్రి మేడ మీద పడుకుని ఫోనులో బళ్ల చప్పుళ్లు వినేవాడు. ఆ ఫోను స్పీకరు కందిగింజంత. దాంట్లోంచి బేసు వస్తోందని వాడి నమ్మకం. "ఇది సూడు బావా, గొంతు. ఇదేమో సీరెస్తది. ఇది ఇను, గుండెల్లో దిగిపోద్ది." నాకు మూడూ సీసాలో చిక్కిన కందిరీగలాగే వినిపించాయి. వాళ్ల నాన్న అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మ రంగు చూసి, కాస్త గిల్లి నోట్లో వేసుకుని, పాకం ఎంతసేపు కాగిందో చెప్పేయగలడు. ఆ విద్యే కొడుక్కి నాలిక మీదికి రాకుండా దారి తప్పి చెవిలోకి దిగిందనుకుంటాను.

ఈ శాస్త్రంలో రెండు శాఖలు. చివరి డబ్బా ఒక్కటే మార్చేది స్లిప్-ఆన్. ఇంజను మూతి దగ్గర వంకర గొట్టం నుంచి మొత్తం మార్చేసేది ఫుల్ సిస్టమ్. స్లిప్-ఆన్ వాళ్లని ఫుల్ సిస్టమ్ వాళ్లు మనుషుల్లో జమకట్టరు. ఆ పైన స్టీలా, కార్బనా, టైటానియమా, పొట్టిదా, పొడుగుదా, ఒక కన్నమా, రెండు కన్నాలా. స్లోవేనియా అనే దేశం ఒకటుందని వడ్డాదిలో మొదట తెలిసింది వీడికే. అక్కడ ఇగోర్ అక్రపోవిచ్ అనే రేసు రైడరు 1990లో పెట్టిన కంపెనీ సైలెన్సర్లంటే వీడికి గర్భగుడి. జపానులో 1954లో యోషిమురా అనే ఆయన అమెరికన్ సైనికుల మోటారు సైకిళ్లకి పదును పెడుతూ మొదలైన చరిత్ర కూడా అప్పజెప్పగలడు. పదో తరగతి సాంఘికశాస్త్రంలో వీడికి ముప్పై ఆరు మార్కులు.

తీరా కొన్నది నాలుగు వేలది. అనకాపల్లిలో ఒక సందులో దొరికింది. దాని మీద అక్రపోవిచ్ అని రేకు పలక కొట్టి ఉంది, ఒక అక్షరం తక్కువగా. "ఆ అచ్చరం ఎగుమతి మాలుకే ఉంటాదంట" అని వాడే సర్దిచెప్పాడు.

చోడవరం విఘ్నేశ్వరుడి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాడు. బొట్టు బండికి కాదు, గొట్టానికి.

వీడి వల్ల నాకూ కొంత చదువు అబ్బింది. కంపెనీ సైలెన్సర్ లోపల గదులుంటాయి. ఇంజను ఉమ్మేసిన పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి, గవర్నమెంటాఫీసులో అర్జీ పెట్టుకున్నవాడిలా అరుపు తగ్గించుకుని బయటికొస్తుంది. వీడు కొన్నదాని లోపల కన్నాలు పొడిచిన తిన్నటి గొట్టం, దాని చుట్టూ గాజు దూది. పొగకి అడ్డూ లేదు, మర్యాదా లేదు. "బ్యాక్ ప్రెషర్ తగ్గిపోద్ది బావా, పుల్లింగు పెరుగుద్ది." బ్యాక్ ప్రెషర్ అనే మాట వాడకుండా ఈ జాతి అన్నం తినదు. నిజానికి 155 సీసీ ఒంటి సిలిండరు బండి చివర డబ్బా మార్చినంత మాత్రాన వచ్చే బలం సరిగ్గా ఊదిన బూరంత. గొట్టం మరీ వెడల్పయితే కింది గేర్లలో ఉన్న లాగుడు కూడా పోతుంది. ఈ బండి తన 18.4 గుర్రాల సత్తా చూపించేది ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరిగినప్పుడు. వడ్డాది నుంచి చోడవరం దాకా ఆ గోతుల్లో రెండో గేరు దాటిందంటే వెంకన్న కొండకి కొబ్బరికాయ మొక్కుకోవాలి.

బలం మాటెలా ఉన్నా మీటరులో పసుపుపచ్చ దీపం వెలిగింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో పొగ వాసన చూసే సెన్సారొకటి ఉంటుంది. గొట్టం మారితే దానికి లెక్క తప్పి ఇంజనుకి ఫిర్యాదు చేస్తుంది. మెకానిక్కు ఏవో మూడు నాలుగు మందులు చెప్పాడు, అన్నీ ఖరీదైనవే. సౌండు బాబు నల్ల టేపు ముక్క కత్తిరించి దీపం మీద అంటించాడు. రోగం కుదిరింది. ఏక్సిలరేటరు వదిలినప్పుడల్లా గొట్టంలో మిగిలిన పెట్రోలావిరి అంటుకుని టపటపా పేలేది. అది లోపమని నేనన్నాను. "ఆ పటాసుల కోసమే కొందరు వేరేగా డబ్బులిస్తన్నారు, మనకి ఫ్రీ" అన్నాడు.

ఇంట్లో గొడవయింది. గోవాడకి చెరకు తోలే ట్రాక్టరు కూడా ఇంత అరవదని వాళ్ల నాన్న కేకలేశాడు. సౌండు బాబు ఓపిగ్గా అంతా విని, "నీ ఆరెక్స్ సంగతేటి మరి?" అన్నాడు. పెద్దాయన నోరు మూతపడింది. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఆర్ఎక్స్ 100 ఆయనకీ ఉండేది. దాని సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, తెల్లటి పొగతో, పెళ్లికి ముందు మాడుగుల హల్వా కొట్టు దాకా చక్కర్లు కొట్టిన ఘనుడాయన. మా అత్తది మాడుగులే. కాసేపు తల గోక్కుని, "ఆ సప్పుడు వేరురా... అది మాటాడేది" అన్నాడు. లోపల్నుంచి అత్త ఏమీ అనలేదు. గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

కంపెనీ సైలెన్సరు గోనెసంచిలో చుట్టి అటక మీద, బెల్లం గరిటెల పక్కన పడుకుంది. ఆర్టీవో తనిఖీలన్నప్పుడు దింపుతారు, పండక్కి ఇత్తడి గంగాళం దింపినట్టు.

పోలీసుల భయం లేదని కాదు. 80 సీసీ నుంచి 175 సీసీ దాకా మోటారు సైకిలు 77 డెసిబెల్స్ మించకూడదని తయారీ దగ్గరే హద్దు గీశారు. 2019 సవరణ తర్వాత ఆ చప్పుడుకి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు చేతిలో ఉండదు. విశాఖ బీచ్ రోడ్డులో ఇలాంటి సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియో వచ్చిన రోజు వీడు అన్నం సరిగ్గా తినలేదు. "ఒకటి మాత్రం ఒరిజినల్ బావా, రంగు సూస్తే తెలిసిపోద్ది" అన్నాడు గొంతు పూడుకుపోయి.

అందుకని చోడవరం పోలీసు స్టేషన్ వీధి రాగానే ఇంజను ఆపేసి బండి దిగుతాడు. హెల్మెట్టు తీయకుండా, చెమటలు కక్కుకుంటూ, 141 కిలోల బండిని తోసుకుంటూ నడుస్తాడు. అన్ని సౌండ్లు విని ఏరుకున్న సౌండు అలా నిశ్శబ్దంగా ఊరు దాటుతుంది. ఒకసారి హెడ్ కానిస్టేబులొకాయన జాలిపడి, "పెట్రోలయిపోయిందేటి బాబూ?" అని వెనకనుంచి ఓ చెయ్యేశాడట.

మొన్న కార్తీకంలో ఒక రాత్రి నా దగ్గరికొచ్చాడు. మొహం అదోలా ఉంది.

"బావా, నువ్వొకసారి నడపాల."

"ఎందుకురా?"

"నాకు ఇనపడ్డం నేదు."

విషయమేమంటే, గొట్టం వెనక్కి చూస్తుంది, మనిషి ముందుకి పోతాడు. పైన హెల్మెట్టు, అందులో గాలి హోరు. మూడు నెలలు వెతికి, నాలుగు వేలు పోసి, తండ్రితో మాట పడి కొన్న చప్పుడు గేదె విన్నది, టీ కొట్టు పెద్దాయన విన్నాడు, వాళ్లమ్మ విన్నది. కొన్నవాడొక్కడే సరిగ్గా వినలేదు. చట్టం కూడా 7.5 మీటర్ల అవతల మైకు పెట్టి బయట వినే చెవినే లెక్కలోకి తీసుకుంది, బండెక్కినవాణ్ణి కాదు.

సరేనని బండి తీసుకుని వంతెన అవతలికి పోయి వెనక్కి తిరిగాను. ఇవతల చివర, రోడ్డు పక్కన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. హారతికి నిలబడ్డట్టే ఉన్నాడు. రేజు చేసి పోనిచ్చాను. కుక్కలు లేచాయి, ఎవరో లైటు వేశారు. పటాసులు కూడా రెండు పేలాయి, నా వంతు కట్నంగా. వాడి దగ్గర ఆపి హెల్మెట్టు తీశాను.

కళ్లు తెరవలేదు. చాలాసేపు ఊరుకున్నాడు.

"బయట్నించి ఇలాగుంటాదేటి?" అన్నాడు చివరికి. "దూరానికి అచ్చం ఇంజన్ బోరులాగే ఉంది బావా."

నేనేం మాట్లాడలేదు. వాడు వంగి గొట్టం మూతి తడుముకుని, చెయ్యి కాలి, ఊదుకుని, జేబులోంచి ఫోను తీశాడు.

"రెండు కన్నాలది తీసుకోవలసింది."