కనిపించాలి గానీ కనిపించకూడదు

సన్నగీత పచ్చబొట్టు వేయించుకోబోయే మనిషిని హైదరాబాదులో ఫోన్‌ని బట్టే గుర్తుపట్టొచ్చు. అందులో దీనికోసమే ఒక ఫోల్డరు ఉంటుంది: ఎగిరే పిట్టలు, తులసి రెమ్మ, ఒంటి అల, ఏదో ఊరి అక్షాంశ రేఖాంశాలు, అమ్మ చేతిరాతలో ‘అమ్మ’, భూతద్దం పెడితే తప్ప చదవలేని సంస్కృత వాక్యం. వీటిలో ఒకటి తేల్చుకోడానికి ఆర్నెల్లు పడుతుంది. ఆ ఆర్నెల్లూ స్నేహితులు ఒక్కో బొమ్మ అంతరార్థం విని తరించాల్సిందే. నాన్నకి కనపడకూడదు, మేనేజరుకి కనపడకూడదు, ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం ఖండాంతరాలకి కనపడాలి. ఇంతటి చిక్కు కోరికని తీర్చగలిగేది వెంట్రుకవాసి గీతేనని వీళ్ల నమ్మకం. పెద్దల మనసు నొప్పించకుండా ఎదిరించాలనే ఆ తాపత్రయం చూస్తే ముద్దొస్తుంది కూడా.

ఇక కుర్చీలో కూచున్నాక చూడాలి వైభోగం. స్టెన్సిల్ కాగితం మణికట్టు మీద అద్ది తీస్తే ఊదారంగు ముద్ర పడుతుంది. మనవాడు అద్దం ముందుకెళ్లి చెయ్యి వేలాడేసి, మడిచి, కాఫీ కప్పు పట్టుకున్నట్టు పట్టి, “అన్నా, ఒక్క నూలు పైకి” అంటాడు. తుడిచి మళ్లీ అద్దుతారు. “ఇంకాస్త సన్నగా రాదా అన్నా?” మళ్లీ తుడుపు. తోడొచ్చిన స్నేహితురాలు “మొదటిదే బాగుందిరా బాబూ” అని ఫోన్‌లో తలదూరుస్తుంది. ఇంత పట్టింపున్న మనిషిని తొందరపాటు మనిషి అనలేం. నా ఫిర్యాదల్లా ఒకటే: ఆ పట్టింపంతా అర్థం మీద ఖర్చయిపోతుంది, చర్మం దగ్గరికొచ్చేసరికి ఏమీ మిగలదు. పచ్చబొట్టు పదేళ్లకి ఎలా ఉంటుందో తేల్చేది అర్థం కాదు, చర్మం.

సూది దిగాల్సింది మిల్లీమీటరు, మహా అయితే రెండు. పైపొర నెలా నెలన్నరకోసారి రాలి కొత్తదవుతుంది కాబట్టి అక్కడే ఆగిన ఇంకు దాంతోపాటే పోతుంది. మరీ లోతుకి దిగితే గీత పక్కలకి పాకి నీలిమచ్చలా కనిపిస్తుంది. సరైన లోతులో పడ్డ ఇంకు కూడా కదలకుండా కూచోదు. ఒంట్లోని రక్షక కణాలు దాన్ని మింగుతాయి, అవి చచ్చినప్పుడు వదిలేస్తాయి, కొత్త కణాలొచ్చి మళ్లీ మింగుతాయి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు 2018లో ఎలుకల మీద చూపించింది ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ ప్రతి గీతా కాస్త ఒళ్లు చేస్తుంది. అమ్మమ్మల ముంజేతి మీది లావుపాటి చుక్కలు డెబ్బై దాటినా చుక్కలుగానే ఉన్నాయంటే కారణం అదే: చుక్క ఎంత అలుక్కున్నా చుక్కే. వెంట్రుకవాసి ఈనెలున్న ఆకు అలుక్కుంటే ఏమవుతుందో వృక్షశాస్త్రం కూడా చెప్పలేదు. తెలుగు అక్షరాలకి ప్రమాదం ఇంకా ఎక్కువ. మనవన్నీ సున్నలు, వంపులు, కింద ఒత్తులు. బియ్యపుగింజంత సైజులో ‘అమ్మ’ అని రాయిస్తే లోపలి ఖాళీలు పూడి, కొన్నేళ్లకి అమ్మ ఎవరో అమ్మకే తెలియదు.

“ముసలితనంలో సంగతి ఇప్పుడెందుకండీ?” అంటారు. ముసలితనం దాకా అక్కర్లేదు. వేళ్ల పక్కన, అరచేతి అంచున, పాదాల వైపున వేయిస్తే ఏడాది రెండేళ్లలోనే అక్కడక్కడా తెగిపోవచ్చు. ఆ చోట్ల చర్మం ఒరిపిడికి తొందరగా అరిగిపోతుంది. మనవాడు కోరేదీ సరిగ్గా ఆ చోట్లే, నాన్నకి కనపడవుగా! “టచప్ ఉందిగా” అన్నది రెండో మాట. ఉంది. కానీ వేసిన గీత మీదే మళ్లీ గీస్తే గీత లావెక్కుతుంది. ఏ సన్నదనం కోసం ఆర్నెల్లు తపించారో ఆ సన్నదనమే మొదట పోతుంది. “మరి ఫొటోల్లో అంత బాగున్నాయే?” అన్నది మూడోది, బలమైనది. ఆ ఫొటోల్లో చాలావరకు సూది తీసిన ఐదు నిమిషాలకి తీసినవి, అందులోనూ పాలిపోయిన చర్మం మీదివి. మన చామనఛాయలో రంగునిచ్చే మెలనిన్ ఇంకుకి పైన ఉంటుంది. దాని గుండా నలుపు కనిపించినంత బాగా లేత బూడిదరంగు, తెలుపు కనిపించవు.

ఈ సుకుమారపు కళ పుట్టిల్లు జైలు అని చెబితే మాత్రం మనవాళ్లు నొచ్చుకుంటారు. కాలిఫోర్నియా ఖైదీలు టేపురికార్డరు మోటారుకి గిటారు తీగ బిగించి, ఉన్న ఒక్క సూదితోనే సన్నటి బొమ్మలు వేసుకునేవారు. 1975లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో తెరిచిన గుడ్ టైమ్ చార్లీస్ టాటూలాండ్ ఆ ఒంటిసూది పనిని జైలు గోడల బయట దుకాణంలోకి తెచ్చింది.

అయితే వద్దంటారా అంటే, వద్దనను. చర్మం వాళ్లది, ముచ్చట వాళ్లది. సన్నగీత చేతకాని గీతేమీ కాదు. చెయ్యి వణికితే దాచుకోడానికి లావు గీతలో ఉన్న చోటు ఇందులో లేదు గనక పనితనం ఇంకా ఎక్కువ కావాలి. బొమ్మలో గీతలు తక్కువుండాలి, గీతకీ గీతకీ మధ్య ఖాళీ ఉండాలి, నల్ల ఇంకు వాడాలి, ముంజేతి లోపలివైపో భుజమో ఎంచుకోవాలి, మానిన తరవాత ఎండలోకెళితే సన్‌స్క్రీన్ రాయాలి. కళాకారుణ్ని అడగాల్సింది కొత్త పని ఫొటోలు కాదు, మన రంగు చర్మం మీద వేసి రెండు మూడేళ్లయిన వాటి ఫొటోలు. చూపించలేకపోతే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి. ఇంకోటి, రక్తదానం అలవాటున్నవాళ్లు ముందే ఇచ్చేసి కుర్చీ ఎక్కండి. పచ్చబొట్టు ఎంత సన్నదైనా ఆ తరవాత 12 నెలలు మన దేశంలో రక్తం తీసుకోరు.