కషాయానికి నామకరణం

సాయంత్రం నాలుగయ్యేసరికి మా అయిదేళ్ల మనవరాలు సాసరు పట్టుకొచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. నోరు తెరిచి అడగదు. గుడి మెట్ల మీద కూర్చున్నవాళ్లకైనా అంత ఓపిక ఉండదు. నేను అటూ ఇటూ చూసి, గ్లాసులోంచి రెండు గుక్కల టీ అందులో వంచేవాణ్ణి. అది ఉఫ్ ఉఫ్‌మని ఊది, జుర్రుమని పీల్చి, "హమ్మయ్య, ఇప్పటికి ప్రాణం లేచొచ్చింది" అనేది. ఆ డైలాగు నాదే.

ఒకరోజు ఆ హమ్మయ్య వంటింటి దాకా వినపడింది.

కోడలు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మామయ్యగారూ, ఒక్కసారి ఇది చూడండి" అంటూ ఫోను చేతికిచ్చింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారి 2024 ఆహార సూచనలు. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందట. అందులోని టానిన్లు తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవట. "మరి గ్రీన్ టీ?" అన్నాను ఆశగా. "అదీ ఆ మొక్క ఆకే కదండీ" అంది. నిజమే.

సాసరు ఖాళీగా ఉండకూడదు, అందులో కెఫీన్ ఉండకూడదు. ఈ పని దొంగకే అప్పజెప్పారు.

మొదట బాల్కనీ కుండీలోని నిమ్మగడ్డి మరిగించాను. అది వాసన చూసి, "తాతయ్యా, ఇవి బండలు తుడిచే నీళ్లు కదా?" అంది. దాని తప్పేముంది? ఆ వాసన సీసాల్లోకెక్కి పనిమనిషి బకెట్టులో చేరి ఎన్నేళ్లయిందో!

తర్వాత అమెరికా నుంచి మేనల్లుడు తెచ్చిన చామొమైల్. కాస్త కథ చెప్పి పట్టిద్దామనుకున్నాను. 1902లో అచ్చయిన పీటర్ రాబిట్ కథలో అల్లరి చేసొచ్చిన కుందేలు పిల్లకి వాళ్లమ్మ పడుకునే ముందు పట్టించింది ఇదేనన్నాను. "మరి మిగతా పిల్లలకో?" అని అడిగింది. అబద్ధం ఆడలేకపోయాను. రొట్టె, పాలు, బ్లాక్‌బెర్రీ పళ్లు. "నాకూ అవే పెట్టు" అంది.

ఇక మా ఆవిడ కొంగు బిగించింది. ధనియాలు, జీలకర్ర, కాస్త శొంఠి వేసి కాచి తెచ్చింది. పిల్ల సాసరు కింద పెట్టి, తన మెడ తానే పట్టి చూసుకుని, "నానమ్మా, నాకు జ్వరమొచ్చిందా?" అంది. ఇక్కడే ఉంది అసలు చిక్కంతా. మన ఇళ్లలో తరతరాలుగా తాగుతున్నవి హెర్బల్ టీలే, కాకపోతే పేరు కషాయం. ముక్కు మూయకుండా కషాయం తాగిన పిల్లవాణ్ణి నేనెరగను. అదే సరుకుని చిన్న సంచీలో పోసి, దారం కట్టి, డబ్బా మీద పువ్వు బొమ్మ వేస్తే టీ అయి కూర్చుంది. మా నాయనమ్మ శొంఠిని గుడ్డలో మూటగట్టి మరిగించేది. దారం కొస బయటికి వేలాడదీయాలని తోచలేదు పాపం, లేకపోతే మేమీపాటికి కోటీశ్వరులం.

చివరికి రూయిబోస్ మా పరువు కాపాడింది. దక్షిణాఫ్రికా సెడర్‌బర్గ్ కొండల్లో పెరిగే పొద. టీ మొక్కతో దానికి ఏ చుట్టరికమూ లేదు, కంది, శనగల వంశం. కెఫీన్ లేదు. ఎర్రగా దిగుతుంది, పాలు పోస్తే రంగు అచ్చం మన టీయే. చిటికెడు చక్కెర వేసి సాసర్లో పోశాను. ఊదింది. జుర్రింది. హమ్మయ్య మాత్రం రాలేదు. చూపు నా గ్లాసు మీదుంది.

"నీది నాకివ్వు, నాది నువ్వు తీసుకో."

ఆ క్షణాన నాకు తెలిసొచ్చింది. మర్నాటి నుంచి నా గ్లాసులోనూ రూయిబోసే. అది పరీక్షగా నా గ్లాసులోంచి ఒక గుక్క తాగి, తృప్తిగా "హమ్మయ్య" అంది. కోడలి ముఖం వెలిగిపోయింది. నాకు నాలుగున్నరకల్లా తలనొప్పి మొదలైంది.

అప్పట్నుంచి రోజూ అయిదింటికి "పాలు తెస్తా"నని మా సందు చివరి ఇరానీ హోటలుకి వెళ్లొస్తున్నాను. ఇంట్లో పాలు ఎక్కువై, మా ఆవిడ తోడు పెట్టడానికి గిన్నెలు చాలక గొణుగుతోంది. నిన్న తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డానో లేదో, పిల్ల ఒళ్లోకెక్కి నా మీసం వాసన చూసింది. ఒకసారి వంటింటి వైపు చూసింది. గొంతు బాగా తగ్గించి, చెవిలో అంది:

"తాతయ్యా, రేపు నన్నూ పాలకు తీసుకెళ్లు. సాసరు నేను తెస్తా."