పనికిరాని దారే పసందు

దారి అన్నాక ఎక్కడికో ఒకచోటికి త్వరగా చేర్చాలన్నది మనకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఇంగ్లండ్ పల్లెల్లో సైకిలు యాత్రలు చేసేవాళ్ళకు ఈ నమ్మకం లేదు. ఉన్నా ఇంట్లో తాళం వేసి బయల్దేరతారు. వాళ్ళ లెక్కలో దారి ఎంత తొందరగా ఊరు చేరిస్తే అంత నాసిరకం, ఎంత ఆలస్యం చేస్తే అంత మేలురకం. ఆ దేశంలో సైకిలుకు పనికొచ్చే దారులన్నీ ఇంక దేనికీ పనికిరానివేననీ, ఆ పనికిమాలినతనమే వాటిని కాపాడుతోందనీ రుజువులతో సహా వాదించవచ్చు. మోటార్‌వేల మీదికి సైకిలును చట్టమే రానివ్వదు. పెద్ద రోడ్ల మీదికి చట్టం రానిస్తుంది గానీ లారీలు రానివ్వవు. ఇక మిగిలింది లేన్, అంటే ఊరికీ ఊరికీ మధ్య ఒక్క బండి పట్టే సన్నదారి. ఇది ఒక రైతు గట్టు దగ్గర కుడికి తిరుగుతుంది, ఇంకో రైతు పొలం మూలన ఎడమకు తిరుగుతుంది. మనసు మార్చుకున్నట్టు మళ్ళీ కుడికి తిరుగుతుంది. దారికంటే ముందే పొలాలున్నాయి, దారి కోసం ఎవరూ సెంటు భూమి వదల్లేదు, అదీ సంగతి. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఉమ్మడి భూములు పంచి కంచెలు వేసినప్పుడు సర్వేయర్లు కొన్ని తిన్నని దారులూ గీశారు. వాటి మీద పోయేవాడికి ఎదురుగాలే తోడు. డెవాన్‌లో అయితే దారికి రెండు పక్కలా మనిషెత్తు మట్టిగట్లు, వాటి మీద పొదల కంచె. తరతరాల బండ్లూ పశువులూ వానలూ అరగదీయగా దారి ఇంకా కిందికి దిగిపోయింది. ప్రకృతి అందాలు చూద్దామని డబ్బు ఖర్చు పెట్టుకుని వెళ్ళినవాడికి రోజంతా కనిపించేది ఆకుపచ్చ గోడ. పొలం గేటు వచ్చినచోట మాత్రం ఓ క్షణం లోయా గొర్రెలూ చర్చి గోపురమూ కనబడి, అడ్డుతెర సందులోంచి పెళ్ళికూతురు కనిపించినట్టు, మాయమవుతాయి.

ఈ ప్రశాంతత ప్రకృతి ప్రసాదం అనుకుంటే పొరపాటు. ఇది ఒకదాని తర్వాత ఒకటి దివాలా తీసిన రవాణా పద్ధతుల వారసత్వం. గుర్రపుబగ్గీల కాలంలో రద్దీగా ఉన్న రహదారులు రైళ్ళొచ్చాక పడకేశాయి, దారి పొడుగునా సత్రాలు ఈగలు తోలుకున్నాయి. సరిగ్గా అప్పుడు సైకిలు వచ్చింది. 1878లో హారొగేట్‌లో బైసికిల్ టూరింగ్ క్లబ్ పుట్టింది. 1883లో పేరు మార్చుకుని సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోకుండా 1886లో నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్‌తో కలిసి రోడ్ల అభివృద్ధికని ఒక సంఘం పెట్టి, గుంతలు పూడ్చండి మహాప్రభో అని కరపత్రాలు పంచారు. ఆ పోరు వృథా కాలేదు, రోడ్లు బాగుపడుతూ వచ్చాయి. బాగుపడ్డ రోడ్ల మీదికి కార్లు వచ్చాయి. రోడ్లు అడిగినవాళ్ళు దుమ్ము దులుపుకుని, ఎవరూ బాగుచేయని సందుదారుల్లోకి తప్పుకున్నారు. ఆ ఉద్యమం పూర్తిగా గెలిచి ఉంటే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు. తర్వాత రైలు వంతూ వచ్చింది. నష్టాల రైలుమార్గాలు మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక పుణ్యమా అని వేల మైళ్ళ పట్టాలు మూతపడ్డాయి. బ్రిస్టల్ నుంచి బాత్‌కు పోయే అలాంటి ఒక రైలుమార్గాన్నే తర్వాత సైకిలు బాటగా మార్చారు. బగ్గీదారి పనికిరాకుండా పోయినా, రైలుదారి పనికిరాకుండా పోయినా, దినం భోజనాలకు మొదట చేరేది సైకిలువాడే.

దీనికి మొదటి అభ్యంతరం మోకాళ్ళ నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లో కొండలెక్కడివి, ఆ దేశానికంతటికీ ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే కదా అనుకుని బయల్దేరినవాడి మోకాళ్ళు సాయంత్రానికి అర్జీ పెట్టుకుంటాయి. ఆల్ప్స్ కొండల్లో రోడ్డు వేసినవాడు ఆ దారిన బరువులూ బండ్లూ వెళ్ళాలని మెలికలు తిప్పి వాలు తగ్గించాడు. ఇంగ్లిషు సన్నదారికి అంత శ్రద్ధ ఎవరు పెడతారు? కొండకు అటు ఊరుంది, ఇటు ఊరుంది, మధ్యలో దారి నిట్టనిలువునా ఎక్కి దిగుతుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని హార్డ్‌నాట్ కనుమ ఎత్తు 393 మీటర్లే. కానీ కొన్ని మలుపుల్లో మూడడుగులు ముందుకు పోతే ఒకడుగు పైకి లేవాలి. ఆ కనుమ దగ్గర రోమన్లు కోట కట్టి, ఎక్కడో డాల్మేషియా నుంచి తెచ్చిన పటాలాన్ని కాపలా పెట్టారు. వాళ్ళకు జీతమైనా ఉండేది. 1791లో సైనిక అవసరాలతో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే పటాల్లో ఈ వాలును చూపడానికి చిన్న బాణాలుంటాయి. 14 నుంచి 20 శాతం దాకా ఒక బాణం, అది దాటితే రెండు. బాణం మొన ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది, అంటే ఎక్కేవాడు బాణానికి ఎదురెళ్ళాలి. అయితే ఏమిటి, దిగి నెట్టుకుంటూ పోవచ్చు. వెనక చక్రానికి రెండు సంచులు వేలాడేసుకున్నవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. పైగా ఎక్కలేక ఆగినవాడికి చూడటానికి తీరిక దొరుకుతుంది, చూడటానికి ఆగానని చెప్పుకునే అవకాశమూ దొరుకుతుంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది, ప్రాణాలకు సంబంధించింది. వేరే బోర్డు లేని పల్లెదారి మీద, అది ఎంత సన్నదైనా, కారుకు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్ళు, సుమారు 96 కిలోమీటర్లు. పొద చాటు మలుపులో ఆ వేగంతో ఎవడైనా వస్తే వాదనలకు వ్యవధి ఉండదు. మరోపక్క 2022లో సవరించిన హైవే కోడ్, సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచమంటుంది, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. కారు వెడల్పు అద్దాలతో కలిపి రెండు మీటర్లు, ఎడం ఒకటిన్నర, సైకిలూ మనిషీ కలిసి ముప్పావు. మొత్తం నాలుగుంపావు మీటర్లు. దారి మూడు మీటర్లు కూడా లేదు. మిగతాది కంచెలోంచి తెచ్చుకోవాలి. కాబట్టి నియమం ప్రకారం కారువాడు సైకిలు వెనక భజన చేసుకుంటూ రావాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. తెలిసినవాడు వేరే దారే చూసుకుంటాడు. ఎదురుగా ట్రాక్టరు వస్తే అరమైలు వెనక్కి నడపాలని స్థానికులకు బాగా తెలుసు. పనికిమాలినతనం అంటే రక్షణ కవచం అన్నది ఇందుకే. ఆ కవచానికి ఈమధ్య చిల్లు పొడిచింది సాట్‌నావ్, అంటే బండిలో కూర్చుని దారి చెప్పే యంత్రం. అది దగ్గరి దారి పేరుతో లారీలను కూడా ఈ సందుల్లోకి పంపిస్తుంటే, దాని మాట నమ్మవద్దని ఊళ్ళవాళ్ళు బోర్డులు పెట్టుకుంటున్నారు.

భోజనం సంగతి కొద్దిలో చెప్పాలి, ఎందుకంటే దొరికేదీ కొద్దే. చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు. ఆకలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వెనకటికి టూరింగ్ క్లబ్బువాళ్ళు తమకు నచ్చిన సత్రాల గోడలకు రెక్కల చక్రం బొమ్మ తగిలించేవారు. 1898లో సర్రే కౌంటీలోని ఆకమ్ అనే ఊళ్ళో లేడీ హార్బర్టన్ అనే దొరసాని సైకిలు మీద వచ్చి హోటల్లో భోజనం అడిగారు. ఆవిడ గౌనుకు బదులు వదులు నిక్కరు తొడుక్కున్నారని యజమానురాలు మర్యాదస్తుల గదిలోకి రానివ్వక, బారు పక్క గదిలో కూర్చోమంది. క్లబ్బు తరఫున 1899లో కేసు నడిచింది, ఓడిపోయింది. అన్నం పెట్టననలేదు, గదే మార్చింది కదా అని జూరీ వదిలేసింది. అదే ఏడాది అదే కౌంటీలో, డార్కింగ్ అనే ఊళ్ళో మన కాటన్ దొర కన్నుమూశారు. గోదావరిలో నీటిచుక్కను కూడా ఊరికే పోనివ్వకూడదని జీవితమంతా తపించిన మనిషి చివరి రోజులు గడిపిన ఊరది. ఇప్పుడు ఆ ఊరి చుట్టుపక్కల కొండదారుల మీదికి ఆదివారం వస్తే జనం ఊరికే తిరగడానికి గుంపులుగా వస్తారు.

ఊరికే తిరగడం కలిగినవాళ్ళ వేడుక కదా, మన దగ్గర పాలవాడూ పోస్టుమ్యానూ పొట్టకూటికి తొక్కిన సైకిలును వినోదం చేసుకోవడం ఏమిటి అని ఇంకో అభ్యంతరం. సబబైనదే. కానీ చరిత్ర పూర్తిగా ఆ పక్షాన లేదు. 1894లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన క్లారియన్ సైకిల్ క్లబ్ సోషలిస్టులది. వాళ్ళు పల్లెలకు వెళ్ళి కరపత్రాలు పంచారు, కాబట్టి మరీ ఊరికే తిరిగారని కూడా అనలేం. హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన ది వీల్స్ ఆఫ్ ఛాన్స్ నవలలో యాత్రకు బయల్దేరేది బట్టలకొట్టు గుమాస్తా, ఏడాదికి పది రోజుల సెలవు మనిషి. ఏడాది పొడుగునా గజాల లెక్కన గుడ్డ కొలిచినవాడికి, కొలత లేని దారి ఎంత రుచో జమీందారుకేం తెలుస్తుంది?

అసలు ప్రమాదం బయటివాళ్ళతో కాదు, సొంతవాళ్ళతోనే. సైకిలువాళ్ళలోనే ఒక వర్గం ఈ పనికిమాలినతనాన్ని పనిగా మార్చేసింది. నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని ల్యాండ్స్ ఎండ్ నుంచి స్కాట్లండ్ ఉత్తర కొస దగ్గరి జాన్ ఓ గ్రోట్స్ దాకా సుమారు 1,400 కిలోమీటర్లు. గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది కనుక వీపు మీద తోసుకుపోతుందని లెక్కగట్టి, పెద్ద రోడ్ల మీద తల దించుకుని తొక్కి, రెండో చోట ఫొటో దిగి వస్తారు. వాళ్ళకు దారిలో ఏ ఊళ్ళు వచ్చాయో అడిగితే ఎన్ని మైళ్ళు వచ్చాయో చెబుతారు. అదే సమయంలో బయల్దేరిన లేన్ భక్తుడు ఇంకా టామర్ నది దగ్గరే ఉంటాడు. నదికి ఇవతల కార్న్‌వాల్‌లో టీతో ఇచ్చే స్కోన్ అనే బన్ను మీద ముందు జామ్ రాసి ఆపైన మీగడ వేస్తారు, అవతల డెవాన్‌లో ముందు మీగడ, ఆపైన జామ్. ఏది సరైనదో తేల్చాలంటే నదిని అటోసారి ఇటోసారి దాటాలి. ఒక్కసారి దాటితే తేలే వ్యవహారం కాదది.