అరువు తెల్లకోటు

మా బావమరిది నరసరావుపేట నుంచి తొలి బస్సుకి వచ్చాడంటే కారణాలు రెండే. శుభలేఖ, లేకపోతే అప్పు. ఈసారి చేతిలో సున్నుండల డబ్బా, చంకలో జిప్పున్న ప్లాస్టిక్ ఫైలు. శుభలేఖ ఇచ్చేవాడు సున్నుండలు తేడు. నేను మౌనంగా చెప్పులు వెతుక్కున్నాను గానీ, మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బావా, మనవాడు డాక్టరు" అన్నాడు.

మనవాడంటే వాళ్లబ్బాయి. పద్దెనిమిది నిండి మూడు నెలలు. నీట్‌లో అర్హత మార్కులు దాటాడు. అర్హత అంటే సీటు కాదు. సీటు రాలేదని ఏడవడానికి ప్రభుత్వం వారు ఇచ్చే అనుమతి. 2018 నుంచి విదేశాల్లో వైద్యం చదవాలన్నా ఈ అనుమతి ఉండి తీరాలి. ఇక్కడ మేనేజ్‌మెంట్ కోటా వైపు చూస్తే కోటి మాట వినపడుతోంది. కిర్గిజ్‌స్థాన్‌లో, బిష్కెక్ అనే ఊళ్లో, పాతిక ముప్పై లక్షల్లో పనైపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. మా బావమరిదికి ఉన్నది రెండెకరాల పొలం, ఒక మనవాడు.

అడ్వాన్సు కట్టిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఏసీ గది, గోడ నిండా జెండాలు, టేబుల్ మీద ప్లాస్టిక్ పుర్రె. అనాటమీ ల్యాబ్ ఎలా ఉంటుందని అడిగాను. "సర్, ఆంధ్రా మెస్ ఉంది" అన్నాడు కుర్రాడు. ప్రొఫెసర్ల గురించి అడిగాను. "ఆదివారం బిర్యానీ" అన్నాడు. రసీదు చేతికి రాగానే ఇంకొకడు లోపల్నుంచి తెల్లకోటు తెచ్చి మావాడికి తొడిగాడు. చేతులు పొడవైతే రెండు మడతలు పెట్టాడు. మెడలో స్టెతస్కోపు వేసి ఫొటో తీశాడు. సాయంత్రానికల్లా ఆ ఫొటో ఊళ్లో ఫ్లెక్సీ అయిపోయింది. కోటు మాత్రం అప్పుడే విప్పించి హ్యాంగర్‌కి తగిలించేశారు. బయట బెంచీ మీద ఇంకో డాక్టరు తండ్రితో సహా ఎదురుచూస్తున్నాడు.

ఆ అడ్వాన్సు కింద మా చెల్లెమ్మ నానుతాడు వెళ్లిపోయింది. ఇప్పుడు మెడలో పసుపుతాడే. "డాక్టరు తల్లికి నగలెందుకన్నయ్యా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మిగతా డబ్బు కోసం బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు గారు మంచివారు. మనవాణ్ణి "రండి డాక్టరు గారూ" అనే పిలిచారు. ఈ దేశంలో ఆ బిరుదు ఉచితం, మిగతా వాటికే డబ్బు. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలన్నారు. పొలం కాగితాలు, అడంగల్, వన్‌బీ, పాసుపుస్తకం అన్నీ పరిచాడు మా బావమరిది. వ్యవసాయ భూమి పనికిరాదన్నారు. ఇల్లుందా? ఉంది, తాత కట్టింది. ప్లాను అప్రూవలుందా? తాతకి ప్లాను లేదు, మేస్త్రీ ఉన్నాడు. పోనీ ఆదాయపు పన్ను రిటర్నులు? రైతుకి ఆ పన్ను లేదు కదండీ. పన్ను లేదంటే మా లెక్కలో ఆదాయం లేనట్టేనండీ. ఇంతలో ఆయన చూపు మా చెల్లెమ్మ మెడ మీదికి పోయింది. బంగారం మీదైతే పది నిమిషాల పని అనబోయి, పసుపుతాడు చూసి గ్లాసు నీళ్లు తాగారు.

ప్రభుత్వ సాయం సంగతి నేను చూస్తానన్నాను. రాత్రంతా ఫోన్లో చూశాను. 2024లో మంజూరైన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టూ లేదు, హామీదారూ అక్కర్లేదు. కానీ ఎంపిక చేసిన కాలేజీలకే, అవీ దేశంలో ఉన్నవాటికే. పాలసముద్రంలో పుట్టిన అమ్మవారికి సరిహద్దు దాటాలంటే ఎందుకో భయం. కేంద్రం వారి జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్ చూస్తే, దాటుతుంది గానీ పీజీకీ పీహెచ్‌డీకీ మాత్రమే. అంటే ముందు ఎలాగోలా డాక్టరై రా నాయనా, అప్పుడు చదువుకోడానికి సాయం చేస్తాం అని. చావు కబురు చేరాక అంబులెన్స్ పంపడం మనకి కొత్తేం కాదు.

ఎవరో క్రౌడ్‌ఫండింగ్ పెట్టమన్నారు. పెట్టాం. దానికీ ఓ మర్మం ఉంది. జబ్బు పడ్డవాడి ఫొటో పెడితే జనం కరుగుతారు. జబ్బు నయం చేస్తానన్నవాడి ఫొటో పెడితే, వీడు రేపు మన దగ్గరే గుంజుతాడుగా అనుకుంటారు. వారం రోజులకి 1,116 రూపాయలు వచ్చాయి. అవీ నేను వేసినవే. కుల సంఘం వాళ్లు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. డల్లాస్ పెద్దనాన్న వాయిస్ మెసేజ్ పంపారు, కష్టపడి చదవమని.

ఇక్కడ నాలోని పిరికివాడు నోరు విప్పాడు. "ఒరేయ్, ఆరేళ్లు చదివొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష రాయాలి. 300 ప్రశ్నలు, 150 రావాలి. ఈమధ్య పదిమంది రాస్తే గట్టెక్కేది ఇద్దరో ముగ్గురో" అన్నాను. 2022లో ఉక్రెయిన్ నుంచి సగం చదువుతో, సూట్‌కేసులతో తిరిగొచ్చిన పిల్లల్ని గుర్తు చేశాను. 2024 మేలో ఇదే బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూకలు పడితే, గది దాటి రావొద్దని మన ఎంబసీ చెప్పింది కదా అన్నాను. బావమరిది శ్రద్ధగా విని, "మెస్ బాగుంటుందంట బావా" అన్నాడు.

అప్పుడు దిగాడండీ అసలైన స్కాలర్‌షిప్ దాత. సత్తెనపల్లి వైపు మిర్చి వ్యాపారి, దూరపు చుట్టం. ఫ్లెక్సీ చూశాడట. ఫీజు మొత్తం ఆయనే కడతాడు, ఏడాదికో విడత, విమానం టిక్కెట్టుతో సహా. తాకట్టు అడగడు, రిటర్నులు అడగడు. తిరిగి ఇవ్వక్కర్లేదు. షరతు ఒక్కటే. చదువయ్యాక పిల్లాడు వాళ్లమ్మాయి మెళ్లో తాళి కట్టాలి. 1961 నుంచీ కట్నం నేరం గనక దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. "చదువుకి సాయం" అన్నారు. ఇన్నాళ్లూ మేం వెతికిన మాట అదే కాబట్టి మా బావమరిది కళ్లు చెమర్చాయి. బ్యాంకు వద్దన్న తాకట్టు వస్తువు మన దగ్గరే ఉందని అంతదాకా తోచలేదు. ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటోంది.

మాటలకి వాళ్లింటికి వెళ్లాం. ఫైలు టీపాయ్ మీద పెట్టాం. అమ్మాయి కాఫీలు తెచ్చింది. ఏం చదువుతున్నావమ్మా అని అడిగాను, మర్యాదకి.

"ఈ ఏడు నీట్ రాశానండి."

ఎన్నొచ్చాయంది మా చెల్లెమ్మ. చెప్పింది. మనవాడి కంటే 140 ఎక్కువ. గవర్నమెంటు సీటుకి కాస్తలో తప్పిపోయిందట. గదిలో చెంచాలు కప్పుల్లో తిరుగుతున్న చప్పుడు బాగా వినపడింది.

"మరి అమ్మాయినే పంపొచ్చుగా?" అన్నాను. నోరు జారడం నాకు అలవాటే.

"భలేవారే బావగారూ!" అని నవ్వాడాయన. "ఆడపిల్లకి అంత ఖర్చు పెట్టి చదివించి, మళ్లీ డాక్టరు సంబంధం తేవాలంటే రెండు ఖర్చులు. ఇదైతే ఒక్కటే."

లెక్క తప్పని ఎవరం అనలేకపోయాం. మనవాడు మొదటిసారి ఫోను మీంచి తలెత్తి, "ఫిజిక్స్ ఎన్ని పెట్టావు?" అని అడిగాడు. ఆ అమ్మాయి చెప్పబోయేలోగా పెద్దవాళ్లు విడతల్లోకి వెళ్లిపోయారు. ఎఫ్‌ఎంజీఈ తప్పితే సంగతేమిటి, మొదటి విడత వెనక్కివ్వాలా అన్న దగ్గర కాస్త గొంతులు లేచాయి. ఖాళీ కప్పులు తీసుకోడానికి అమ్మాయి మళ్లీ వచ్చి, ట్రేలో సర్దుకుని లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సులో బావమరిది ఫైలు జిప్పు తీసి చూసుకున్నాడు. పాసుపుస్తకం ఉంది. అడంగల్ ఉంది. పాస్‌పోర్టు జిరాక్సు ఉంది. కన్సల్టెన్సీ బ్రోషరు ఒక్కటే లేదు.