మూషిక వ్రతకల్పం

మా బావగారు కాల్గరీ నుంచి విజయవాడకి ఫోన్ చేసినప్పుడల్లా ఒక మాట గొప్పగా చెప్పేవారు: “అత్తయ్యా, మా ఆల్బర్టాలో ఎలుకల్లేవు.” రెండేళ్ళ కిందట మే నెలలో మా అమ్మ అమాయకంగా అడిగింది: “మరి నీ క్యాంపర్‌వ్యాన్లో సీటు కొరికిందెవరు నాయనా?”

ఆయన చెప్పిందీ నిజమే, ఆవిడ అడిగిందీ న్యాయమే. ఇంగ్లీషువాడికి రాట్ వేరు, మౌస్ వేరు. మనకి రెండూ ఎలుకలే. ఆల్బర్టా ప్రభుత్వం 1950 నుంచి చట్టప్రకారం తరిమికొడుతున్నది రాట్‌ని. చుంచెలుక ఆ చట్టం కిందికి రాదు. దాని సంగతి ఎవరి వ్యాను వాళ్ళే చూసుకోవాలి. బావగారు ఎలా చూసుకుంటారో చెప్పడానికే ఈ వ్యాసం.

కెనడాలో అక్టోబరు రెండో సోమవారం థాంక్స్ గివింగ్. దాంతో వ్యాను వాళ్ళ సీజను సరి. బాన్ఫ్, జాస్పర్ పార్కులు తిరిగొచ్చిన బండి ట్యాంకుల్లో నీళ్ళు దించేసి, గొట్టాల్లోకి గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కించి, ఊరి బయట కోత అయిపోయిన పొలాల పక్కనున్న స్టోరేజీ స్థలంలో పెట్టి వస్తారు. మళ్ళీ తాళం తీసేది మే మూడో వారంలో, విక్టోరియా డే సెలవులకి. అంటే ఏడాదిలో ఐదు నెలలు బండి మనది, ఏడు నెలలు ఎలుకది. కిస్తీలు మాత్రం పన్నెండు నెలలూ మనమే కడతాం.

బండికి తాళం వేసే ముందు బావగారు ఎలుకలు రాకుండా ఒక వ్రతం చేస్తారు. వినాయక చవితి వెళ్ళి ఎన్నాళ్ళో కాదు కాబట్టి, స్వామికి చేశాక వాహనానికి చేస్తున్నారనుకున్నాను. తీరా విధానం చూస్తే అచ్చం పూజే.

ముందు ఆవాహన. కరెంటు తీగ, గ్యాసు గొట్టం, వాడిన నీళ్ళ గొట్టం వ్యాను అడుగులోంచి లోపలికి వెళ్ళే చోట చుట్టూ సందులుంటాయి. చుంచెలుకకి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు. తల పట్టిందంటే ఒళ్ళు దానంతటదే వస్తుంది. ఆ సందుల్ని బావగారు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇరవై గ్రాముల అతిథికి అంతకన్నా పెద్ద ద్వారబంధం ఎందుకు?

ఆసనం సిద్ధంగానే ఉంది, మెత్తటి స్పాంజి సీట్లు. తరవాత వస్త్రం. బట్టలు ఆరబెట్టే మెషీన్లో వేసే సువాసన ముక్కలు, డ్రయ్యర్ షీట్లు, సీటు కిందొకటి, పరుపు మీద రెండు, అరలో నాలుగు. ఆ వాసనకి ఎలుక పారిపోతుందట. మేలో చూస్తే ఆ షీట్లనే సన్నటి పోగులుగా చీల్చి, గుండ్రంగా చుట్టి, అందులో పురుడు పోసుకుంది. చుంచెలుక మోసేది మూడు వారాలు, ఈతకి ఐదారు పిల్లలు. ఆ పసికందులకి లావెండర్ వాసన పొత్తిళ్ళు! మా ఇళ్ళలో పిల్లలు పుట్టినప్పుడు పాత చీర ముక్కలతో సరిపెట్టాం.

గంధం కింద కలరా ఉండలు. అమ్మమ్మ పెట్టెలో పట్టుచీరల మధ్య వేసినట్టు బావగారు డాష్‌బోర్డు కింద వేశారు. కెనడాలో కలరా ఉండలు పురుగుమందు కింద లెక్క. డబ్బా మీద రాసిన పనికి తప్ప మరో పనికి వాడితే చట్టవిరుద్ధం. డబ్బా మీద బట్టలు కొరికే పురుగు పేరుంది గానీ ఎలుక పేరు లేదు. మేలో తలుపు తెరిచేసరికి కళ్ళు మండి అక్కయ్య బయటే నిలబడిపోయింది. ఎలుక మాత్రం లోపలే ఉంది.

ధూపానికి పుదీనా నూనె. దూదిలో ముంచి పన్నెండు చోట్ల. వారం తిరిగేసరికి వాసన ఎగిరిపోతుంది, ఎలుక ఉండబోయేది ముప్ఫై వారాలు. నైవేద్యానికి ఘాటైన సబ్బుబిళ్ళలు. సబ్బుకి మూలం కొవ్వు. ఆకలేసిన ఎలుకకి అది సబ్బని ఎవరు చెప్పారు? అంచుల నిండా పళ్ళ గాట్లే.

కుంకుమార్చన గుంటూరు కారంతో. ఇది బావగారి సొంత ప్రయోగం. మిరప ఘాటు పట్టించిన టేపు ఒకటి హోండా కంపెనీ అమ్ముతుందని విన్నారు. నిజమే, తీగలు కొరక్కుండా వాటికి చుట్టే టేపు అది. తీగకి టేపు చుట్టడం వేరు, గాలి లోపలికొచ్చే గొట్టం మూతి దగ్గర పావుకిలో కారం చల్లడం వేరు. మేలో హీటరు ఫ్యాన్ వేశారు. నలుగురం రోడ్డు పక్కన నిలబడి అరగంట దగ్గాం. దారినపోయే ఒక పెద్దమనిషి బండి ఆపి, అంబులెన్సుకి ఫోన్ చేయమంటారా అని అడిగాడు.

చివరిది గానం. మనిషి చెవికి అందని శబ్దంతో ఎలుకల్ని హడలగొడుతుందట ఒక యంత్రం. ఈ పెట్టెల గొప్పలకి ఆధారాలు చూపాలంటూ అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్.టి.సి. 2001లోనే అరవైకి పైగా తయారీదారులకీ అమ్మకందారులకీ హెచ్చరిక లేఖలు రాసింది. ఆ శబ్దం అడ్డొచ్చిన వస్తువుని దాటిపోదు, ఎలుక దానికి అలవాటు పడిపోతుంది. ఇంకా తమాషా ఏమిటంటే, మగ చుంచెలుకలు ఆడవాటి కోసం మనకి వినబడని ఆ స్థాయిలోనే పాటలు పాడతాయని 2005లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. అంటే బావగారు పెట్టింది హడలగొట్టే యంత్రం కాదు, పెళ్ళిపందిట్లో సన్నాయి మేళం. అదీ నాలుగు రోజుల ముచ్చటే. యంత్రం బ్యాటరీని పీల్చేసింది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ కాల్గరీ చలికి ఓర్చుకుంటుంది గానీ ఖాళీది ఓర్చుకోదు. గడ్డకట్టి పగిలింది.

“కన్నం మూస్తే సరిపోదా బావగారూ?” అన్నాను.

“మూయాలంటే మంచులో వెల్లకిలా పడుకుని వ్యాను కిందికి దూరాలోయ్. నా నడుం సంగతి నీకు తెలీదూ?”

ఈ వ్యాపారం మొత్తం ఆ నడుం మీదే నడుస్తోంది. కన్నం మూయడానికి ఒళ్ళు వంగాలి. సీసా కొనడానికి జేబు వంగితే చాలు. పుదీనా వాసన ఎలుక ముక్కుకి కాదు, యజమాని మనసుకి. ఏదో ఒకటి చేశాం అన్న తృప్తి ఉంటే చలికాలమంతా నిద్ర పడుతుంది. కన్నం వేసే దొంగ ఉన్నాడని తెలిసి, గోడకి పడిన కంత వదిలేసి, దాని ముందు అగరొత్తులు వెలిగించే ఇంటాయన్ని చూసి మనం నవ్వుతాం. అగరొత్తు పుదీనాదైతే మాత్రం ఏ బ్రాండో అడిగి తెలుసుకుంటాం.

“మా స్నేహితుడు పుదీనా పెట్టాడు, ఎలుక రాలేదు” అనే సాక్ష్యం ఎప్పుడూ ఉంటుంది. ఆయన పక్కన బండి నిలిపినవాడు ఏమీ పెట్టలేదు, అతని బండిలోకీ రాలేదు. కాకి వాలింది, తాటిపండు పడింది. మనం కాకుల్ని సీసాకి పద్దెనిమిది డాలర్లు పెట్టి కొంటున్నాం.

ఇంతకీ బావగారు గర్వపడే ఆ ఆల్బర్టా ఏం చేసింది? 1950లో సాస్కచెవాన్ సరిహద్దులో ఆల్సాస్క్ దగ్గర ఒక పొలంలో రాట్లు కనబడ్డాయి. ప్రభుత్వం పుదీనా జల్లలేదు. తూర్పు సరిహద్దు వెంట 600 కిలోమీటర్ల పొడవున, 29 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీ గీసి, అందులోని కొట్టాలూ గాదెలూ తనిఖీ చేయడానికి మనుషుల్ని పెట్టింది. ఆ పని డెబ్భై ఏళ్ళు దాటినా ఆపలేదు. తెల్ల రాట్‌ని ముద్దుగా పెంచుకోవడం కూడా అక్కడ నేరమే. 2012లో మెడిసిన్ హాట్ చెత్తకుప్పలో రాట్లు బయటపడితే అక్కడికక్కడే వేటాడారు. ఒక రాష్ట్రం 600 కిలోమీటర్ల దారి కాపలా కాసింది. ఆ రాష్ట్రంలోనే ఉంటూ మనం ఆరు మిల్లీమీటర్ల దారి మూయలేకపోయాం.

అంత దూరం కూడా వద్దు. కృష్ణా డెల్టా వరిగట్ల మీద ఎలుకలు పట్టే యానాదుల్ని చూస్తూ పెరిగినవాళ్ళమే కదా. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, తెల్లారి ఏది తెరుచుకుందో చూడటం అక్కడి రైతులందరికీ తెలిసిన లెక్క. తెరుచుకున్నదాంట్లోనే ఎలుక ఉంది, పొగ పెట్టాల్సింది దానికే. ఎలుక ఇష్టాయిష్టాలతో పని లేదు, దారి తెలిస్తే చాలు. ఈ చదువు మన ఊళ్ళో గట్టు మీద ఉచితంగా దొరికేది. సముద్రాలు దాటొచ్చి అదే ఎలుక మీద అత్తరు చల్లుతున్నాం.

నవ్వులాటకి లొంగని సంగతి ఒకటుంది. పొలాల పక్కన నిలిపిన బండిలోకి దూరేది ఎప్పుడూ ఇళ్ళలో తిరిగే చుంచే కాదు. పెద్ద కళ్ళు, తెల్లటి పొట్ట ఉండే డీర్ మౌస్ కూడా కావచ్చు. దాని మూత్రంలో, పెంటికల్లో హంటా వైరస్ ఉండే అవకాశం ఉంది. జబ్బు అరుదే గానీ, ఊపిరితిత్తులకి పట్టిందంటే పదిమందిలో ముగ్గురు నలుగురు దక్కరు. కెనడాలో ఇది ఎక్కువగా కనబడేది ఆల్బర్టాతో సహా పడమటి రాష్ట్రాల్లోనే. అందుకే పొడి చీపురుతో ఊడవకూడదు, వ్యాక్యూమ్ పెట్టకూడదు. దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చి, చేతికి తొడుగు, ముక్కుకి మాస్కు వేసుకుని, బ్లీచు కలిపిన నీళ్ళతో బాగా తడిపి, అప్పుడు తుడిచెయ్యాలి. బావగారు పుదీనాకి పన్నెండు దూదుండలు లెక్కపెట్టారు గానీ ముక్కుకి ఒక్క మాస్కు పెట్టుకోలేదు. వ్యాక్యూమ్ ప్లగ్గు పెట్టబోతుంటే అక్కయ్య తీగ లాగేసింది.

విషం మాట కూడా వచ్చింది. తిన్న ఎలుక గోడ సందులో చచ్చి వేసవంతా తన ధూపం తనే వేస్తుంది. దాన్ని తిన్న గుడ్లగూబా చస్తుంది. అందుకే పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా అలాంటి ఘాటు మందుల అమ్మకాన్నీ వాడకాన్నీ 2023 జనవరి నుంచి చాలావరకు నిషేధించింది.

ఇంత పూజలో మనవాళ్ళు మరిచిపోయింది ఒక్కటే, ఉద్వాసన. పోయిన అక్టోబరులో అది నేను చేయించాను. రాత్రి వ్యాను లోపల దీపాలన్నీ వేసి, అట్టముక్క పరుచుకుని కిందికి దూరాను. వెలుతురు కనబడిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పదకొండు తేలాయి. తెల్లారాక వాటిలో రాగి జాలీ కూరి పైన సీలెంటు పూశాను. వట్టి నురుగు కూరితే ఎలుక కొరికేస్తుంది, ఇనప పీచు తుప్పు పడుతుంది. లోపల తిండి గింజ లేకుండా తుడిచి, ఎందుకైనా మంచిదని గోడ వెంట రెండు స్ప్రింగు బోన్లు పెట్టాను. రెండు గంటల పని, నలభై డాలర్ల ఖర్చు, నా నడుం.

తాళం వేసే ముందు బావగారు గబగబా లోపలికెళ్ళి పుదీనా దూది ఒక్కటి డాష్‌బోర్డు మీద పెట్టొచ్చారు. “మన పద్ధతి మనకుండాలి కదోయ్” అన్నారు.

ఈ మేలో తలుపు తీశాం. ఒక్క పెంటిక లేదు, బోన్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బావగారు అప్పటికప్పుడు విజయవాడకి ఫోన్ కలిపారు.

“అత్తయ్యా, పుదీనా పనిచేసింది!”